యుబిక్విటస్‌ను తెలుగులో ఏమనాలి?

ఇంగ్లీషు యుబిక్విటస్‌కు తెలుగు అర్థం అడిగితే మామూలుగా మూడు జవాబులు వస్తాయి: సర్వవ్యాప్తమైన, సర్వాంతర్యామి అయిన, అంతటా ఉండే. ఇప్పుడు 'ద యుబిక్విటస్ ప్లాస్టిక్ బ్యాగ్' అనే చిన్న పదబంధాన్ని తీసుకుని ఒక్కొక్క అర్థాన్నీ పెట్టి చూడండి. 'సర్వాంతర్యామి అయిన ప్లాస్టిక్ సంచి' అంటే సంచికి దండం పెట్టాలేమో అనిపిస్తుంది. 'సర్వవ్యాప్తమైన ప్లాస్టిక్ సంచి' అంటే ఒకటే సంచి లోకమంతా పరుచుకున్నట్టుంది. 'అంతటా ఉండే ప్లాస్టిక్ సంచి' కొంత నయం. కానీ ఇంగ్లీషు మాటలో ఉన్న ఆ సన్నని విసుగు ఇందులోకి రాలేదు.

అనువాదాలు దిద్దుతూ ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. ఆ మూడు అర్థాల్లో ఏదీ తప్పు కాదు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. అది మతచర్చల్లో పుట్టి, రోజువారీ మాటల్లోకి దిగి, అక్కణ్ణుంచి జీవశాస్త్రంలోకీ కంప్యూటర్లలోకీ వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా 'అంతటా ఉండటం' అనే మాటకు కొంచెం వేరే అర్థం వచ్చింది. ఆ తేడాలు తెలిస్తే తప్ప తెలుగులో సరైన మాట తట్టదు.

ముందు పలకడం గురించి ఒక్క మాట. స్పెల్లింగ్ చూసి కొందరు 'ఉబిక్విటస్' అంటారు, కానీ మొదటి శబ్దం 'యు'. ఊనిక రెండో అక్షరం 'బి' మీద పడుతుంది. మొదట వినిపించేది య కాబట్టి, స్పెల్లింగ్‌లో అచ్చు ఉన్నా, దీని ముందు 'యాన్' రాదు, 'ఎ' వస్తుంది. నామవాచకం యుబిక్విటీ.

ఇక పుట్టుక. లాటిన్‌లో ఉబి అంటే ఎక్కడ. దానికి క్వె అనే ప్రత్యయం తగిలిస్తే ఉబిక్వె, అంటే ప్రతిచోటా. ఎవరు అనే అర్థమున్న క్విస్‌కు అదే ప్రత్యయం చేరిస్తే క్విస్క్వె, అంటే ప్రతివాళ్ళూ. ప్రశ్నను పట్టుకుని, దాని జవాబుల్లో ఒక్కటీ వదలకుండా అన్నిటినీ కలిపేయడం ఆ క్వె పని. సంస్కృతంలో 'రామశ్చ లక్ష్మణశ్చ' అన్నప్పుడు వచ్చే చ, లాటిన్ క్వె ఒకే మూలం నుంచి వచ్చినవి. ఉబి కూడా ఒకప్పుడు క శబ్దంతోనే మొదలయ్యేది. 'ఎక్కడో ఒకచోట' అనే అర్థమున్న లాటిన్ మాట అలికుబిలో ఆ క ఇప్పటికీ నిలిచి ఉంది. సంస్కృతం కుత్రలో ఉన్న కు కూడా అదే ప్రశ్న శబ్దం. కుత్ర అంటే ఎక్కడ, తత్ర అంటే అక్కడ, అన్యత్ర అంటే మరోచోట, సర్వత్ర అంటే అన్నిచోట్లా. లాటిన్‌లోనూ ఇలాంటి వరసే ఉంది: ఉబి, ఇబి, అలిబి, ఉబిక్వె.

ఈ వరసలో నాకు బాగా నచ్చేది అలిబి. కోర్టు వార్తల్లో మనం చదివే ఆలిబై ఇదే. 'నేరం జరిగిన వేళకు నేను మరోచోట ఉన్నాను' అనే వాదన అది. ఒక మనిషి ఒకే సమయంలో రెండుచోట్ల ఉండలేడన్న నమ్మకం మీదే ఆ వాదన నిలబడుతుంది. యుబిక్విటీ అనే మాట పుట్టింది ఆ నమ్మకానికి పూర్తిగా ఎదురు తిరిగి. మొదట్లో దాని అర్థం ఒకటే శరీరం, ఒకే క్షణంలో, అన్నిచోట్లా ఉండటం.

ఆ చర్చ 16వ శతాబ్దపు యూరప్‌లో జరిగింది. క్రైస్తవ ఆరాధనలో ఇచ్చే రొట్టెలో, ద్రాక్షారసంలో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందా, లేక అవి గుర్తులు మాత్రమేనా అన్నది ప్రశ్న. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో ఇద్దరు ప్రొటెస్టెంట్ మత సంస్కర్తలు, మార్టిన్ లూథర్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఉల్రిక్ జ్వింగ్లి, ముఖాముఖి కూర్చున్నారు. లూథర్ 'ఇది నా శరీరము' అనే లాటిన్ వాక్యాన్ని సుద్దముక్కతో బల్ల మీద రాసుకుని మరీ వాదించాడు. క్రీస్తు శరీరం పరలోకంలో ఉంది, శరీరమన్నాక ఒకచోటే ఉంటుంది, ఇన్ని ఆరాధన బల్లల మీద ఎలా ఉంటుందని జ్వింగ్లి అడిగాడు. క్రీస్తు దేవుడి కుడిపక్కన ఉన్నాడు, దేవుడి కుడిపక్క అనేది ఒక చోటు కాదు, అది అన్నిచోట్లా ఉంది, కాబట్టి ఆ శరీరమూ ఉండగలదన్నది లూథర్ పక్షం. 15 అంశాల్లో 14 మీద ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఈ ఒక్కదాని మీద కుదరలేదు. తర్వాతి కాలంలో లూథర్ అనుచరుడు యోహానెస్ బ్రెంజ్ వంటివాళ్ళు లూథర్ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ఆ పక్షంవాళ్ళకు ఎదుటిపక్షం పెట్టిన పేరే యుబిక్విటేరియన్లు. ఇంగ్లీషులోకి యుబిక్విటీ వచ్చింది ఆ శతాబ్దంలోనే, ఈ చర్చల వెంటే. మనకిప్పుడు బాగా తెలిసిన యుబిక్విటస్ అనే విశేషణం చాలాకాలం తర్వాత దాన్నుంచి తయారైంది.

ఫ్రెంచివాళ్ళ రోజువారీ మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఒకే వేళకు రెండు చోట్లకు రమ్మంటే 'నాకు యుబికితే వరం లేదు' అంటారు. 'నేనేమైనా రెండుగా చీలిపోవాలా' అని మనం అంటామే, అలా. ఇంగ్లీషులో మాత్రం ఆ అర్థం పక్కకు తప్పుకుంది.

అసలు మలుపు ఇక్కడుంది. మతచర్చలో ఉన్నది ఒకటే, అది అన్నిచోట్లా ఉంటుంది. ఇప్పటి యుబిక్విటస్‌లో ఉన్నవి అనేకం. ఒకే రకం వస్తువులు లెక్కలేనన్ని ఉంటాయి, ప్రతిచోటా వాటిలో ఒకటి తగులుతుంది. మన చేతిలో ఉన్న ఫోన్, పక్కవాళ్ళ చేతిలో ఉన్న ఫోన్ రెండూ వేరు వేరు. ఫోన్ అనే జాతి అంతటా ఉంది, ఏ ఒక్క ఫోనూ అంతటా లేదు. పాత అర్థాన్ని ఇంగ్లీషు ఆమ్నిప్రెజెంట్‌కు వదిలేసింది. దేవుడి గురించి రాసేటప్పుడు ఆమ్నిప్రెజెంట్ అంటారు. ప్లాస్టిక్ సంచి గురించి ఆ మాట వాడితే కావాలని పెద్ద చేసి చెప్పినట్టు ఉంటుంది.

తెలుగులో ఆమ్నిప్రెజెంట్‌కు సాటి వచ్చే మాటలు చక్కగా ఉన్నాయి. ప్రహ్లాదుడి నోట పోతన పలికించిన 'సర్వోపగతుడు' అన్నిటికంటే సూటిగా సరిపోతుంది. అన్నిచోట్లకూ చేరి ఉన్నవాడు అని దాని అర్థం. సర్వవ్యాపి అన్నా సరే. సర్వాంతర్యామి మాత్రం అసలు ఈ కోవలోది కాదు. అంతర్యామి అంటే లోపల ఉండి నడిపించేవాడు. 'యామి'లో ఉన్న ధాతువుకు అదుపు చేయడమని అర్థం. నియమం, సంయమనం కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. కాబట్టి సర్వాంతర్యామి అంటే ప్రతి ప్రాణి లోపలా ఉండి దాన్ని నడిపించేవాడు. అందులో చోటు సంగతి కంటే లోపలి అదుపు సంగతే ముఖ్యం. ఫోన్‌నో కెమెరానో సర్వాంతర్యామి అన్నప్పుడు అంత లోతైన మాటను 'చాలాచోట్ల ఉంది' అనే స్థాయికి దించేస్తున్నాం. ఇది నాకు బాధగానే ఉంటుంది. అంత కచ్చితమైన అర్థమున్న మాట మళ్ళీ మళ్ళీ దొరకదు.

ఇప్పుడు శాస్త్రంవైపు చూద్దాం. యుబిక్విటస్ అంటే 'విస్తారంగా ఉన్నది' అని చాలామంది అనుకుంటారు. ఎన్నిచోట్ల ఉందన్నది ఒక లెక్క, ఎంత ఉందన్నది ఇంకో లెక్క. గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతమే. పదివేల అణువులు ఏరితే అందులో అది నాలుగు కంటే కాస్త ఎక్కువ. కానీ ఎడారి మీది గాలి తీసుకున్నా, సముద్రం మీది గాలి తీసుకున్నా అది ఉంటుంది. అంటే అది యుబిక్విటస్, కానీ సమృద్ధి కాదు. బంగారం కూడా సముద్రపు నీటిలో కరిగి ఉంది, తీసి అమ్ముకోలేనంత కొద్దిగా. లెక్కల్లో దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ దొరుకుతుంది. సంఖ్యారేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా వాటి మధ్య భిన్నంగా రాయగల సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. ఎంత ఇరుకు సందులో వెతికినా దొరుకుతుంది. అయినా అలాంటి సంఖ్యలన్నీ కలిసి ఆక్రమించే పొడవు సున్నా.

జీవావరణ శాస్త్రవేత్తలకు ఈ తేడా తప్పనిసరి. డెబోరా రబినోవిట్జ్ 1981లో మొక్కల అరుదుదనాన్ని ఏడు రకాలుగా విడదీసింది. అందుకు ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు: ఎంత విశాలమైన ప్రాంతంలో ఉంది, ఎన్ని రకాల నేలల్లో పరిసరాల్లో బతుకుతుంది, ఉన్నచోట ఎన్ని ఉన్నాయి. అన్ని ప్రాంతాల్లోనూ ఉండి, ఎక్కడా గుంపుగా లేని మొక్క కూడా ఒక రకంగా అరుదైనదే. సూక్ష్మజీవుల గురించి డచ్ శాస్త్రవేత్త లౌరెన్స్ బాస్ బెకింగ్ 1934లో చెప్పిన మాట ఇంకా చర్చలో ఉంది. అన్ని సూక్ష్మజీవులూ అన్నిచోట్లా ఉంటాయి, కానీ వాటిలో ఏది పెరగాలో పరిసరం ఎంచుకుంటుందన్నాడు. అంటే ఉండటం వేరు, కనిపించేంతగా పెరగడం వేరు. సూక్ష్మజీవులన్నిటికీ ఇది వర్తించదని తర్వాతివాళ్ళు వాదించారు. కానీ ఆ వాదన జరగాలన్నా ముందు ఈ రెంటినీ విడదీసి చూడాల్సిందే.

ఇక ఈ మాటనే పేరుగా పెట్టుకున్న ప్రొటీన్ ఒకటుంది, యుబిక్విటిన్. 1975లో గిడియన్ గోల్డ్‌స్టీన్ బృందం పశువుల థైమస్ గ్రంథి నుంచి దీన్ని వేరుచేసింది. ఎక్కడ వెతికినా కనిపించడంతో ప్రాణమున్న కణాలన్నిటిలోనూ ఉంటుందనుకుని ఆ పేరు పెట్టారు. 76 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. పిండిని పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో ఉన్న గొలుసుకూ మనిషిలో ఉన్నదానికీ తేడా మూడు అమైనో ఆమ్లాలే. ఈస్ట్, మనిషి వేరుపడి వంద కోట్ల ఏళ్ళ పైమాటే. అంతకాలం దాదాపు మారకుండా నిలిచిందంటే అది చేసే పని ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

ఆ పని ఏమిటంటే గుర్తు వేయడం. కణంలో పాడైపోయిన, అవసరం తీరిపోయిన ప్రొటీన్లకు యుబిక్విటిన్ గొలుసుగా అతుక్కుంటుంది. ఆ గుర్తు పడ్డ ప్రొటీన్‌ను ప్రొటియసోమ్ అనే పీపా ఆకారపు యంత్రం లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఈ గుట్టు విప్పినందుకు ఆరన్ సీచనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన విషయానికి ఇక్కడ పనికొచ్చేది ఇంకోటుంది. బాక్టీరియాలో యుబిక్విటిన్ మామూలుగా ఉండదని తర్వాత తేలింది. కేంద్రకం ఉన్న కణాల్లో మాత్రం ఉంటుంది. అయినా పేరు మారలేదు, మారాల్సిన పనీ లేదు. శాస్త్రంలో యుబిక్విటస్ అన్నప్పుడు 'ఏ పరిధిలో' అనేది చెప్పకపోయినా ఉంటుంది. ఒక జన్యువు 'యుబిక్విటస్‌గా పనిచేస్తుంది' అంటే శరీరంలోని అన్నిరకాల కణజాలాల్లోనూ పనిచేస్తుందని. శరీరం దాటితే ఆ మాటకు అర్థం లేదు. కణంలో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 అసలు పేరు యుబిక్వినోన్. అది కూడా అంతటా దొరికే క్వినోన్ (ఒక రకం రసాయనం) అని పెట్టిన పేరే. ఇలాంటి వాక్యాల్ని తెలుగు చేసేటప్పుడు 'సర్వ' తగిలించకుండా ఆ పరిధిని పైకి చెప్పేయడం మేలు: 'శరీరంలోని అన్ని కణజాలాల్లోనూ ఉంటుంది'. పాఠకుడికి సందేహం మిగలదు.

కంప్యూటర్లలోకి ఈ మాటను తెచ్చినవాడు మార్క్ వైజర్. జెరాక్స్ కంపెనీకి కాలిఫోర్నియాలో ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తూ 1988 ప్రాంతంలో 'యుబిక్విటస్ కంప్యూటింగ్' అన్నాడు. అప్పటికి కంప్యూటర్ అంటే బల్ల మీద ఒక పెట్టె, దాని ముందు ఒక మనిషి. దానికి బదులు అరచేతిలో పట్టేవి, కాగితమంత ఉండేవి, గోడకు తగిలించే బోర్డంత ఉండేవి, ఇలా మూడు సైజుల్లో పరికరాలు గదినిండా ఉంటే ఎలా ఉంటుందో అతని బృందం తయారుచేసి చూసింది. 1991లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వచ్చిన అతని వ్యాసంలో ముఖ్యమైన సంగతి వేరే ఉంది. గొప్ప సాంకేతికతలు కంటికి కనిపించకుండా పోతాయన్నాడు. జీవితంలో కలిసిపోయి, ఉన్నాయని కూడా గుర్తుకురాని స్థితికి చేరతాయన్నాడు. దానికి అతను చూపించిన ఉదాహరణ రాత. దారిలో బోర్డు కనిపిస్తే దాన్ని చదువుతున్నామన్న ఆలోచన లేకుండానే చదివేస్తాం. ఇంకో ఉదాహరణ మోటారు. ఒకప్పుడు ఒక కర్మాగారానికంతా ఒకటే పెద్ద ఇంజను ఉండేది, పట్టాలతో కప్పీలతో యంత్రాలన్నీ దాని మీదే తిరిగేవి. తర్వాత ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు వచ్చింది. ఇప్పుడు ఒక్క కారులోనే అద్దం దించడానికి ఒకటి, నీళ్ళు చిమ్మడానికి ఒకటి, ఇలా ఎన్నో ఉంటాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

వైజర్ 1999లో చనిపోయాడు. ఆ తర్వాత జపాన్ ప్రభుత్వం 'ఇ-జపాన్' అనే తన సమాచార సాంకేతిక విధానాన్ని దాటి 2004లో 'యు-జపాన్' అంది. ఆ యు ఈ మాటలోదే. జపాను భాషలో 'యుబికితాసు' కొన్నేళ్ళు ప్రకటనల్లో మోగింది. ఇప్పుడు ఆ మాట అంతగా వినపడదు. పరికరాలు నిజంగానే అంతటా వచ్చేశాక వాటిని అలా పిలవాల్సిన అవసరం తగ్గిపోయిందని నా ఉద్దేశం.

ఇన్ని చోట్లు తిరిగిన మాటకు రంగులు కూడా వేరు వేరుగా అంటుకున్నాయి. శాస్త్రవేత్త రాస్తే అందులో ఏ భావోద్వేగమూ ఉండదు. టెక్నాలజీ కంపెనీ రాస్తే అది ఒక వాగ్దానం. మామూలు రచయిత 'ద యుబిక్విటస్' అని మొదలుపెడితే ఎక్కువసార్లు అది విసుగు. ఆ 'ద'లో 'మీకూ తెలిసిందే కదా' అనే ధోరణి ఉంది. ఒక నటుణ్ణి అలా అంటే గొప్పవాడని కాదు, ఏ సినిమా చూసినా ఉంటాడని. మైక్రోప్లాస్టిక్‌ల గురించి అన్నప్పుడు విసుగు దాటి ఆరోపణ అవుతుంది. ఎవరెస్ట్ మంచులోనూ, మరియానా అగాధంలోనూ అవి దొరికాయి కాబట్టి ఆ ఆరోపణలో అతిశయం కూడా లేదు.

దగ్గరి మాటలతో కలిపేయకుండా చూసుకోవాలి. పర్వేసివ్ అంటే ఒకదానిలోంచి ఒకదానిలోకి పాకి లోపలంతా నిండిపోయేది. వాసన, భయం, అవినీతి అలాంటివి. రాంపెంట్ అంటే అదుపు తప్పి చెలరేగేది, మంచివాటికి వాడరు. యూనివర్సల్ అంటే మినహాయింపు లేకుండా అందరికీ వర్తించేది. కామన్ అంటే తరచుగా తగిలేది, అన్నిచోట్లా ఉండాలని లేదు. 'వెరీ యుబిక్విటస్' అనడం బాగుండదు. అంతటా ఉన్నదానికి మళ్ళీ 'చాలా' ఎందుకు? 'మోర్ అండ్ మోర్ యుబిక్విటస్' మాత్రం మంచి రచయితలు కూడా రాస్తారు. ఇప్పటి వాడుకలో ఈ మాటకు 'దాదాపు అంతటా' అనే సడలింపు వచ్చేసింది కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను.

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. తెలుగు దీన్ని ఎలా అంటుంది? లాటిన్‌లాగా 'ఎక్కడ'కు ఒక ప్రత్యయం చేర్చి 'ప్రతిచోటా' అనే అర్థం తేలేం. ఎక్కడా అంటే 'లేదు' అనే మాట కోసం ఎదురుచూస్తాం. ఎక్కడైనా అంటే ఏదో ఒకచోట. అందుకే మనం ఒక క్రియను పిలుచుకుంటాం: ఎక్కడ చూసినా. ఎటు చూసినా. ఎవరి చేతిలో చూసినా. ఇందులో చూసేవాడొకడు వచ్చి చేరాడు గమనించారా? వస్తువు నిజంగా అన్నిచోట్లా ఉందని మనం అనడం లేదు, మనం చూసినచోటల్లా ఉందంటున్నాం. రోజువారీ ఇంగ్లీషులో యుబిక్విటస్‌కు ఉన్న అర్థం కచ్చితంగా ఇదే. ఇక చివర ఒక్క ఏకారం చేరిస్తే ఆ విసుగు కూడా వచ్చేస్తుంది. 'ఎటు చూసినా ప్లాస్టిక్ సంచులు' అంటే సమాచారం. 'ఎటు చూసినా ప్లాస్టిక్ సంచులే' అంటే నిట్టూర్పు. ఇంగ్లీషు 'ద' చేసే పనిని మన ఏకారం ఇంకా బాగా చేస్తుంది.

సందర్భాన్ని బట్టి ఇంకా ఉన్నాయి. నిర్లక్ష్యంగా పడి ఉన్నవాటికి 'ఎక్కడపడితే అక్కడ'. దారిపొడవునా తగిలేవాటికి 'అడుగడుగునా'. కొద్దికాలంలో పుట్టుకొచ్చినవాటికి 'పుట్టగొడుగుల్లా'. వార్తకైతే 'ఊరూవాడా'. ఇవేవీ విశేషణాలు కావు కాబట్టి వాక్యాన్ని కొంచెం తిరగరాయాలి. 'యుబిక్విటస్ కెమెరాలు మన స్వేచ్ఛను హరిస్తున్నాయి' అన్నది 'అడుగడుగునా కెమెరాలే, ఇక స్వేచ్ఛ ఎక్కడిది' అవుతుంది. తిరగరాయడానికి భయపడ్డప్పుడే 'సర్వవ్యాప్త కెమెరాలు' వస్తాయి.

ఒక్కచోట మాత్రం ఈ 'ఎక్కడ చూసినా' పనిచేయదు. వైజర్ యుబిక్విటస్ కంప్యూటింగ్‌ను 'ఎక్కడ చూసినా కంప్యూటర్లే' అంటే అతను కోరుకున్నదానికి సరిగ్గా తలకిందులవుతుంది. అవి కంటికి ఆనకూడదన్నదే అతని ఆశ. 'సర్వవ్యాప్త కంప్యూటింగ్' అంటే వ్యాప్తి వచ్చింది, కనుమరుగు కావడం రాలేదు. చాలాకాలం వెతికాక నాకు తట్టినది 'ఇమిడిపోయిన'. అన్నిటిలోనూ ఇమిడిపోయిన కంప్యూటర్లు. కారు తలుపులో మోటారు ఉన్నట్టు.